వలకో వాటా, కారుకో వాటా

ఈదమ్మ కారు కొంటుందట అన్న మాట శామీర్‌పేట బస్టాపు పక్క ఛాయ్ హోటల్లో మొదట పుట్టినప్పుడు ఎవరూ నమ్మలేదు. ఇరవై రెండేళ్లుగా నెత్తిన చేపల గంపతో మేడ్చల్ దాకా తిరిగిన మనిషి ఆమె. గంపలోంచి నీళ్లు కారుతున్నాయని కండక్టరు ఎన్నిసార్లు నడి రోడ్డు మీద దించేశాడో ఆమెకే లెక్క తెలియదు. అలాంటి మనిషికి కారెందుకని అడిగితే ఒకటే జవాబు చెప్పింది.

"వేటకు."

దాంతో జనానికి తికమక ఇంకా పెరిగింది. పెళ్లిళ్లకు కారు, ఆస్పత్రికి కారు, యాదగిరిగుట్టకు కారు ఎరుక. చేపల వేటకు కారేమిటి?

ఊరి పేరు రాయను. ఇది ఒక్క ఊరి సంగతి కాదు, పేరు రాస్తే ఆ ఒక్క ఊరి మీదే నింద పడుతుంది. కానీ అక్కడి పద్ధతి మాత్రం రాయాలి. వానలు తగ్గాక ఆ ఊరి చేపల సంఘం మగవాళ్లు చుట్టుపక్కల కుంటల్లో రోజుకొక చోట వేట చేస్తారు. పట్టిన చేపలను గట్టు మీద కుప్పలు పోసి పంచుకుంటారు. నీళ్లలో దిగిన ప్రతి మగవాడికీ ఒక కుప్ప. వల తెచ్చినవాడికి వల పేరున ఇంకొకటి. థర్మాకోల్ తెప్ప తెచ్చినవాడికి తెప్ప పేరున ఇంకొకటి. వల చినిగిన రోజు కూడా దాని కుప్ప తగ్గదు, కుట్టుకోవడానికి కావాలి కదా అంటారు. చాలా న్యాయంగా ఉంటుంది వినడానికి.

ఆడవాళ్ల పేరున కుప్ప లేదు. వలలోంచి చేపలు విడిపించేది వాళ్లు, నాచు ఏరేది వాళ్లు, గట్టెక్కించి మోసేది వాళ్లు, అమ్మేది వాళ్లు, చినిగిన వల కుట్టేది కూడా వాళ్లే. వలకు వాటా ఉంది, వల కుట్టిన చేతికి లేదు.

ఈదమ్మ భర్త మైసయ్య బతికున్నంత కాలం ఆమెకు ఈ సంగతి తట్టలేదు. అతని కుప్పే ఇంటి కుప్ప. పచ్చకామెర్లతో అతను చనిపోయిన ఏడాది, సంఘం వాళ్లు ఇంటికొచ్చి మంచిగానే మాట్లాడారు. సభ్యత్వం కొడుక్కి వస్తుందన్నారు. ఈదమ్మకు ఉన్నది కూతురు దీప ఒక్కతే. "కొడుకుంటే బాగుండు" అని చెప్పి ఛాయ్ తాగి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మూడేళ్లుగా ఈదమ్మ గట్టు మీద ఓ పక్కన నిలబడి, అందరి పంపకాలూ అయ్యాక మిగిలిన ముళ్ల చేపలను బయటి వ్యాపారి ధరకు కొనుక్కుంటోంది. తన చేతులతో కుట్టిన వలలతో పట్టిన చేపలనే.

ఆమెకు కావాల్సింది ఒక కుప్ప. అంతే. కారు దానికోసం.

ఆ ఆలోచన ఒక పొద్దున వచ్చింది. తెప్పలూ ఐసు పెట్టెలూ తేవాల్సిన ట్రాలీ ఆటో రాలేదు. పదకొండు మంది మగవాళ్లు గట్టు మీద బీడీలు కాలుస్తూ ఎండెక్కేదాకా కూర్చున్నారు. అప్పుడు ఈదమ్మ సంఘం పెద్ద సిద్దయ్యను అడిగింది. అతను మైసయ్యకు పెదనాన్న కొడుకు, ఆమెకు బావ వరస.

"బావా, పెట్టెలు తెచ్చే బండి మన ఊరోళ్లకే ఉంటే, దానికి గూడ వాటా ఇస్తరా?"

"ఎందుకియ్యం? వల తెచ్చినోనికి ఇస్తలేమా?" అన్నాడు సిద్దయ్య బీడీ తీయకుండానే. "ఎవడు తెస్తడట?"

"నేను తెస్తె?"

మగవాళ్లంతా నవ్వారు. సిద్దయ్య కూడా నవ్వి, "ముందుగాల తే ఈదమ్మా, సూద్దాం" అన్నాడు. ఆ 'సూద్దాం'ను ఆమె కొంగుకు ముడేసుకుంది.

ట్రాలీ ఆటోనే కొనొచ్చు కదా అంటారు. దీప తూంకుంట దగ్గరి కోళ్ల ఫారంలో పనిచేస్తుంది. గుడ్లు మోసే వ్యాను డ్రైవరు దగ్గర ఫారం ఆవరణలోనే బండి నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. అది మామూలు కారు లైసెన్సు, ట్రాలీకి వేరేది కావాలన్నారు. పైగా తెల్లారకముందే తల్లీకూతుళ్లు వెనక అంతా తెరిచి ఉన్న బండిలో కుంటల వెంట తిరగడం ఈదమ్మకు ఇష్టం లేదు. చిన్న కారు కావాలి, పాతది కావాలి, వెనక తలుపు పైకి లేవాలి, లోపల రెండు ఐసు పెట్టెలూ, నీళ్లలో పట్టుకుని తేలే లారీ ట్యూబూ పట్టాలి. తెప్ప పైన కట్టుకోవచ్చు. ఇంత వరకు ఆమెకు స్పష్టంగానే ఉంది. ఆ తర్వాతే అంతా గందరగోళం.

మేడ్చల్ రోడ్డు మీద పాత బండ్లమ్మే యాదగిరి దగ్గరికి ముందు వెళ్లారు.

"బర్రెను కొంటె పండ్లు సూస్తం. కొర్రమట్టను కొంటె మొప్పలు సూస్తం. దీనికేం సూడాలె తమ్మీ?" అని అడిగింది ఈదమ్మ.

"టైర్లు సూడాలె అక్కా. టైర్లు కొత్తగున్నయంటే బండిని మంచిగ సూసుకున్నరని లెక్క." ఒక పొట్టి డీజిల్ కారు చూపించాడు. "ఇదైతే నీకు మస్తు. కర్సు తక్కువ. తెచ్చి ఆరు నెలలు గాలె, అందరడుగుతున్నరు."

"అందరడిగితే ఆర్నెల్ల సంది ఈడనే ఎందుకున్నది?" అంది దీప.

"నీ లెక్క మంచి మనిషి రావాలని ఆపిన చెల్లే."

పక్క వీధిలో మెకానిక్కు ఒకడున్నాడు. అతన్ని అడిగితే, "టైర్లు అస్సలు సూడొద్దు పెద్దమ్మా. అమ్మేముందుగాల అవే మారుస్తరు. పొగ సూడు. డీజిల్ బండి జోలికి పోకు, పొద్దుగాల సలికి లేవది" అన్నాడు. ఇంకో మెకానిక్కు, బరువు లాగాలంటే డీజిలే తీసుకోవాలన్నాడు. కోళ్ల ఫారం వ్యాను డ్రైవరు పొగ కాదు, కింద పడ్డ నూనె మరకలు చూడమన్నాడు. సిద్దయ్య మాత్రం నెంబరంతా కూడి చూడమన్నాడు, ఎనిమిది రావద్దట. ఈదమ్మకు రాసిన అంకెలు చదవడం రాదు. దీప కూడింది. యాదగిరి డీజిల్ కారుకు ఎనిమిదే వచ్చింది.

"గందుకే ఆర్నెల్ల సంది నిలవడ్డదేమో" అంది ఈదమ్మ.

రెండోసారి యాదగిరి పొడుగాటి ఆకుపచ్చ కారొకటి చూపించాడు. వెనక బాగా జాగా ఉంది, ఐసు పెట్టెలు మూడు పడతాయి. ఈదమ్మ మనసు పడింది. కానీ దాని కంపెనీ వాళ్లు ఆ మోడలు చేయడం మానేశారని, వస్తువేదైనా పోతే బొంబాయి నుంచి తెప్పించాలని మెకానిక్కు చెప్పాడు. "అద్దం పగిలితే?" అని అడిగితే, "పగలకుంట సూస్కోవాలె" అన్నాడు. ఆ రాత్రి ఈదమ్మ అన్నం ముందు కూర్చుని దీపతో అంది: "ఒక్కొక్కడు ఒక్కొక్కటి జెప్తున్నడే. అందరు నిజమే జెప్తున్నట్టున్నది. గదే నాకు పరేషాన్."

ఆమె పరేషాన్‌లో ఒక విషయం ఉంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. ఇన్నాళ్లూ ఏ వస్తువూ ఆమె తనకోసం ఎంచుకోలేదు. గంప కూడా అత్తగారిదే. ఎంచుకోవడం అలవాటు లేని మనిషికి రెండు కార్లు చూపించి ఏది కావాలో చెప్పమంటే, తెలివి తక్కువై కాదు, వాడని కండరం నొప్పెట్టినట్టు మనసు నొప్పెడుతుంది.

మూడో కారు తూంకుంట కొత్త లేఅవుట్లో ఉంది. పదేళ్ల నాటి తెల్ల మారుతి. ఓనరు శ్రీనివాసరావు, బ్యాంకు ఉద్యోగి, కోస్తా వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. పెద్ద కారు తీసుకుంటున్నాడు కాబట్టి ఇది అమ్మేస్తున్నాడు. ఆ ఇంటికి చేపలు వేసేది ఈదమ్మే, అందుకే సంగతి ముందుగా తెలిసింది.

ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్లు ఒక ఐసు పెట్టె, గాలి నింపిన లారీ ట్యూబు తీసుకుని గేటు ముందు దిగారు. ఆటో అతను ట్యూబును దొర్లించుకుంటూ వచ్చాడు. కాలనీ వాళ్లు పేపరు చదవడం ఆపి బాల్కనీల్లోంచి చూశారు.

"ఏమ్మా, ఇవాళ చేపలు వద్దన్నాంగా?" అన్నాడు శ్రీనివాసరావు.

"చేపలకు రాలె సారూ. కారు సూద్దామని వచ్చిన."

ఆయన ఒక క్షణం ఆమె వెనక ఎవరైనా మగవాళ్లు ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేకపోయేసరికి దీపతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "నేనొక్కడినే నడిపానమ్మా. ఏసీ పనిచేస్తుంది. టేపురికార్డరు కూడా ఇచ్చేస్తున్నాను. లీటరుకి…"

"సారూ, వెనక సీటు ఊడుతదా?" అంది ఈదమ్మ.

"ఊడటం ఏమిటమ్మా? బండి కండిషన్లో ఉంది."

"మంచిగున్నదని ఎరికే. ఊడుతదా, ఊడదా?"

సీటు ముందుకు వంగుతుందని చూపించాడు. దీప వెనక తలుపు ఎత్తింది. పెట్టె హాయిగా వెళ్లింది. ట్యూబు సగం వెళ్లి ఇరుక్కుంది. దాని మీది ఎండిన బురద పొడిపొడిగా రాలింది. లోపలి నుంచి శ్రీనివాసరావు భార్య పార్వతీదేవి గబగబా వచ్చింది.

"ఏమండీ, ఆ కవర్లు మొన్ననేగా వేయించింది? ఇంకా వాళ్లు కొననైనా కొనలేదు."

"పాత దుప్పటి ఏదైనా ఉంటే పట్రా పార్వతీ." శ్రీనివాసరావు ఈదమ్మ వైపు తిరిగాడు. "గాలి తీసేస్తే మడిచి పెట్టుకోవచ్చు కదమ్మా?"

"వేట మొదలైనంక గాలి తియ్యం సారూ."

"ఎందుకని?"

ఈదమ్మ ఆలోచించింది. "తియ్యమంతే. మా మామ గూడ తియ్యలె. గాలి తీస్తే చేప పోతదంటరు."

శ్రీనివాసరావు నెంబరు కూడి చూసి మరీ కారు కొన్న మనిషి, అంచేత ఈ మాటకు ఎదురు చెప్పలేకపోయాడు. దీప ట్యూబును నిలువుగా లేపి, ముందు సీటు కొంచెం జరిపి, ఒక మూలగా తోసింది. పైకప్పుకు రాసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూతపడింది. ఈదమ్మ బండి చుట్టూ తిరిగి, వెనక బంపరు మీద కాలు పెట్టి రెండుసార్లు అదిమి చూసింది.

"నీళ్లల్ల దిగుతదా సారూ?"

"మొన్న తుపాను వానకు మోకాటి లోతులో కూడా ఆగలేదమ్మా."

"ఐతే ఇదే."

"ఇంకొకసారి ఆలోచించుకోమ్మా" అన్నాడు శ్రీనివాసరావు. అమ్మేవాడు అనకూడని మాట అది. "నీకు ఇంకేదైనా నయమేమో."

"ఇగ నాతోని గాదు సారూ. ఇంకా ఆలోచిస్తే బర్రెనమ్మిన పైసలు గూడ మిగలయి."

ఆ డబ్బుకు పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు కలిపి కారు కొంది. బండి కాగితాల మీద పేరు ఎవరిది రాయాలని ఆఫీసులో అడిగినప్పుడు దీప నోరు తెరిచేలోపే ఈదమ్మ తన పేరు చెప్పింది. రేషన్ కార్డులో ఆమె ఇప్పటికీ 'మైసయ్య భార్య'. సర్కారు కాగితం మీద ఆమె పేరు ముందుగా రావడం అదే మొదలు.

కారు ఊళ్లోకి వచ్చిన సాయంత్రం సిద్దయ్య చుట్టూ తిరిగి చూశాడు. మంచిగుందన్నాడు. వాటా సంగతి ఎత్తగానే మాట మారింది.

"అప్పుడేందో నవ్వులాటకన్న ఈదమ్మా. సంగతేందంటే, వల నీళ్లల్ల దిగుతది, నానుతది, చినుగుతది. తెప్ప గూడ గంతే. గందుకే వాటికి వాటా. గట్టు మీద నీడకు నిలవడేదానికి వాటేంది? కావాలంటె కిరాయిస్తం."

"కిరాయొద్దు బావా. కుప్ప కావాలె."

"కుప్ప నీళ్లల్ల దిగినదానికే."

ఆమె ఇంటికొచ్చి చాలాసేపు కారును చూస్తూ కూర్చుంది. కిరాయి తీసుకుంటే ట్రాలీ ఆటోవాడితో సమానం. అతను రాకపోతే తిడతారు, వస్తే మర్చిపోతారు. బర్రె పోయింది, కారు వచ్చింది, తాను మాత్రం గట్టు మీద ఉన్నచోటే ఉన్నట్టు అనిపించింది.

వారం తిరక్కుండానే దేవరయాంజాల్ వైపు ఒక కుంటలో వేట పడింది. కిరాయి మాట ఎత్తకుండా, తెప్ప పైన కట్టి, ట్యూబూ ఐసు పెట్టెలూ లోపల పెట్టి దీప తెల్లారేసరికి కారు తీసుకొచ్చింది. నీళ్లు వెనక్కి తగ్గిన చోట ఒండ్రు ఎండి, పైన నెర్రెలిచ్చి ఉంది. పెట్టెలు బరువు, గట్టు మీంచి దించడం కష్టం. నీళ్ల అంచు దాకా బండి వెనక్కి తెస్తే చేపలు వలలోంచి నేరుగా ఐసులో పడతాయని ఈదమ్మకు తోచింది.

చెరువు మనుషులు నేలను కాలితో చూస్తారు. మడమతో రెండుసార్లు తొక్కుతారు, నిలిస్తే గట్టి, దిగితే మెత్తన. ఆ లెక్క ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఈదమ్మ ముందు నడిచి, అడుగడుగునా మడమ వేసి చూసి, చెయ్యి ఊపింది.

"రా బిడ్డా. గట్టిగనే ఉన్నది."

ఆమె మడమకు గట్టిగానే ఉంది. కారుకు కాదు. నీళ్లకు నాలుగు అడుగుల దూరంలో పై పెచ్చు అప్పడంలా విరిగింది. వెనక చక్రాలు రెండూ మెల్లగా లోపలికి వెళ్లిపోయాయి. బంపరు దాకా బురద, బురద మీదికి పాకిన కుంట నీళ్లు. దీప బయటికి లాగబోయి గట్టిగా తొక్కింది. కింద ఏదో విరిగిన చప్పుడైంది, బండి దున్నపోతులా ఒకసారి అరిచి ఆగిపోయింది.

పదకొండు మంది చూశారు. మొదట నర్సింలు నవ్వాడు. "వదినె, బండికి స్నానం జేపిస్తున్నవా?"

"మొగోళ్లు సాలకపాయె, కారే వేటకు దిగింది" అన్నాడు ఇంకొకడు.

ఈదమ్మకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఏం చేయాలో అర్థం కాక మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఉంది. తన కాలు తనకు అబద్ధం చెప్పిందన్నదే మింగుడుపడలేదు. బండి లాగడానికి అప్పుడు తీరిక లేదు, వల అప్పటికే సగం కుంట చుట్టింది. "ముందుగాల చేప. బండి యాడికి పోతది" అన్నాడు సిద్దయ్య.

ఆ పొద్దున వేట బాగా పడింది. బండి కదలదు కాబట్టి వెనక తలుపు తెరిచే ఉంచారు. వలలోంచి తీసిన చేప తీసినట్టే ఐసులో పడింది. గట్టెక్కించే మోత లేదు. ఎండ ముదిరేసరికి ఎప్పుడూ మెత్తబడే బొచ్చ చేపలు ఆ రోజు బిర్రుగా ఉన్నాయి. ఎవరూ పైకి అనలేదు, అందరూ గమనించారు.

పంపకం వేళైంది. నర్సింలు లెక్క పెట్టాడు. "మనుషులు పదకొండు. వలలు మూడు. తెప్పలు రెండు. పదారు కుప్పలు."

"పదిహేడు" అంది ఈదమ్మ.

అంతా సిద్దయ్య వైపు చూశారు. ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"నీళ్లల్ల దిగినదానికి అన్నవు బావా" అంది ఈదమ్మ మెల్లగా. "దిగిందా, లేదా?"

"అది దిగిందా, కూలబడ్డదా?"

"వల తానే దిగుతదా? మనం ఏస్తెనే గదా దిగుతది."

సిద్దయ్య కారు వైపు చూశాడు. బంపరు కింద నీళ్లు మెరుస్తున్నాయి. నీళ్లల్ల దిగలేదని అనడానికి అక్కడ జాగా లేదు. దీప చేతిలో తుప్పుపట్టిన ఇనుప గొట్టం ముక్క ఒకటుంది, కారు కింది నుంచి ఊడినది. దాన్ని ఆయన ముందు పెట్టింది.

"చినిగింది గూడ పెద్దనాయినా. వల చినిగితే కుట్టుకోనీకి ఇస్తరు గదా."

మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఈసారి నవ్వు వేరేలా ఉంది. సిద్దయ్య చాలాసేపు ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు. తాను పెట్టిన నియమంలో తానే ఎక్కడ ఇరుక్కున్నాడో వెతుక్కుంటున్నట్టు ఉంది. చివరికి, "పదిహేడు పొయ్యిరి" అన్నాడు.

పంచే పద్ధతి ఇది. పెద్ద వీపు తిప్పి కూర్చుంటాడు. ఒకరు కట్టెతో ఒక్కో కుప్పనూ తాకి ఎవరిదని అడుగుతారు. చూడకుండానే పెద్ద పేరు చెబుతాడు. పక్షపాతం లేదనడానికి అది సాక్ష్యం. సిద్దయ్య కుంటకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇది?"

"మల్లేశుకు."

"ఇది?"

"పెద్ద వలకు."

తొమ్మిదో కుప్పకు కట్టె తగిలింది. "కారుకు."

ఎవరో కిసుక్కుమన్నారు. నర్సింలు కట్టె తర్వాతి కుప్ప మీదికి వెళ్లబోయింది. ఈదమ్మ ఆ కట్టెను పట్టుకుంది.

"కారు చేపలు తింటదా బావా?"

"వల తింటదా? వలకు అంటలేమా?" అన్నాడు సిద్దయ్య తిరక్కుండానే.

"వలకంటే మల్లేశు ఎత్తుకుంటడు. మల్లేశు పేరు మీద గూడ కుప్ప ఉన్నది. నా పేరు మీద యాడున్నది? కారుకే వాటా ఇచ్చినరు, ఈదమ్మకు ఇయ్యలేదని రేపు ఊళ్లె అంటరు. రేపు కారు చెడిపోయి అమ్ముకుంటే, నేను మల్ల గట్టు మీద నిలవడాల్నా?"

ముప్పై ఏళ్లుగా సిద్దయ్య వీపు తిప్పి పేర్లు చెబుతున్నాడు. వాళ్ల నాయన చెప్పాడు, తాత చెప్పాడు. మనుషుల పేర్లు, వలల పేర్లు, తెప్పల పేర్లు, ఇప్పుడొక కారు పేరు. ఆడమనిషి పేరు నోటికి ఎప్పుడూ రాలేదు. రాకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పారేమో గుర్తులేదు. ఐసు కరిగి పెట్టె కిందినుంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. కుప్పల మీద ఈగలు చేరాయి.

"ఈదమ్మకు" అన్నాడు.

నర్సింలు సరిగా విన్నాడో లేదో అనుమానపడ్డాడు. "ఎవరికే అన్నా?"

"ఈదమ్మకంటున్న గదరా. సెవుడొచ్చిందా? తర్వాతది జూపియ్యి."

ఆ కుప్పలో మంచి ధర పలికే కొర్రమట్ట ఒక్కటి కూడా లేదు. నాలుగు రవ్వలు, ఓ బొచ్చ, మిగతావన్నీ చిన్నవే. ఈదమ్మ కొంగు నడుముకు చెక్కి, రెండు చేతులతో ఎత్తి, బురదలో నడుచుకుంటూ వెళ్లి కారులోని ఐసు పెట్టెలో పోసుకుంది.

తర్వాత కారును లాగడం మిగిలింది. తాడు ముందు కట్టాలని మల్లేశు, వెనక కట్టాలని నర్సింలు, ముందు సగం గాలి తీసి చూడాలని ఇంకొకడు. చక్రాల గాలా, ట్యూబు గాలా అని దీప అడిగింది. ట్యూబు గాలి మాత్రం తియ్యొద్దని పదకొండు మందీ ఒక్కసారే అన్నారు.